వేలికి చల్లన - నిప్పుకి భగ్గున

గోళ్ల రంగు వేసుకోవడం తేలిక. తీయడం కష్టం. నీళ్లకి పోదు. సబ్బుకి పోదు. గోకితే గోరు లేస్తుంది.

అందుకని ఫ్యాన్సీ షాపులో చిన్న సీసా అమ్ముతారు. దాన్ని నెయిల్ పాలిష్ రిమూవర్ అంటారు. దూదికి రెండు చుక్కలు పోసి గోటికి అద్దితే చాలు. రంగు కరిగిపోతుంది. వేలికి చల్లగా తగులుతుంది. ముక్కుకి ఘాటుగా తగులుతుంది.

చాలా సీసాల్లో ఉండే ఆ మందు పేరు అసిటోన్.

కొందరు దాన్ని చూసి భయపడతారు. "అది విషం, ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుంది" అంటారు. కొందరు అసలు లెక్క చేయరు. మొహానికి కూడా పూసుకుంటారు. పొయ్యి పక్కనే సీసా పెడతారు. ఈ రెండూ సరి కాదు. దేనికి భయపడాలో, దేనికి భయపడక్కర్లేదో తెలిస్తే మంచిది.

ఏమిటీ అసిటోన్?

అసిటోన్ నీళ్లలా ఉంటుంది. రంగు ఉండదు. కాస్త తియ్యగా, ఘాటుగా వాసన వస్తుంది. నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. నూనెను, జిగురును, రంగును కరిగిస్తుంది. అదే దాని గొప్పతనం. అదే దాని ప్రమాదం కూడా.

నీళ్లు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. మరగకపోయినా గాలి తగిలితే చాలు, ఆవిరై పోతుంది. పోతూ పోతూ మన ఒంటి వేడిని తీసుకుపోతుంది. అందుకే వేలికి చల్లగా ఉంటుంది.

ఒకప్పుడు దీన్ని కట్టెలను బట్టీ పెట్టి తీసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండుకి ఇది చాలా అవసరమైంది. తుపాకి మందు తయారు చేయడానికి అసిటోన్ కావాలి. అప్పుడు వైజ్‌మన్ అనే శాస్త్రవేత్త మొక్కజొన్న పిండిని సూక్ష్మజీవులతో పులియబెట్టి అసిటోన్ తీశాడు. 1917లో ఇంగ్లండు బడిపిల్లలు ఇందుకోసం చెట్ల కింద రాలిన గింజలు కూడా ఏరారు. ఆ వైజ్‌మనే తర్వాత, 1949లో, ఇజ్రాయిల్ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడు పెట్రోలియం నుంచి వచ్చే సరుకుతో అసిటోన్ చేస్తున్నారు. మన దేశంలో కేరళలోని కొచ్చి దగ్గర, గుజరాత్‌లోని దహేజ్‌లో ఫ్యాక్టరీలు ఉన్నాయి. రంగులు, జిగుర్లు, మందులు, ప్లాస్టిక్కులు - వీటన్నిటి తయారీలో ఇది పనికొస్తుంది.

మన ఒంట్లోనూ ఉంది

ఈ మాట వింటే ఆశ్చర్యం వేస్తుంది. కానీ నిజం. మన ఒళ్లే కొంచెం అసిటోన్ తయారు చేస్తుంది.

మనం తిన్న అన్నం చక్కెరగా మారుతుంది. ఒంటికి బలం దాని నుంచి వస్తుంది. ఉపవాసం ఉన్నప్పుడు చక్కెర చాలదు. అప్పుడు ఒళ్లు తనలోని కొవ్వును కరిగించుకుంటుంది. ఆ పనిలో కాస్త అసిటోన్ పుడుతుంది. ఊపిరిలో, మూత్రంలో బయటికి పోతుంది.

కాబట్టి ఒంటికి అసిటోన్ కొత్త కాదు. కొద్దిగా పీల్చినా ఒళ్లు దాన్ని మార్చేసి బయటికి పంపుతుంది. ఏళ్ల తరబడి లోపల పేరుకుపోదు. అసిటోన్ వల్ల మనుషులకి క్యాన్సర్ వస్తుందని ఇంతవరకు తేలలేదు.

వారానికోసారి గాలి తగిలే చోట కూర్చుని గోళ్ల రంగు తీసుకుంటే ఆరోగ్యవంతులకి భయం లేదు. మరి భయం ఎక్కడ? నాలుగు చోట్ల ఉంది. చర్మం దగ్గర. పని చేసే చోట. నిప్పు దగ్గర. పిల్లల దగ్గర.

చర్మానికి ఏమవుతుంది?

మన చర్మం మీద సన్నటి నూనె పొర ఉంటుంది. అది కనిపించదు. లోపలి తడి ఆరిపోకుండా అదే కాపాడుతుంది. బయటి మురికి, క్రిములు లోపలికి పోకుండా కూడా అదే అడ్డం.

అసిటోన్ నూనెను కరిగిస్తుంది కదా. ఈ పొరను కూడా కరిగిస్తుంది. ఒకసారి తగిలితే చర్మం తెల్లగా పొడిబారుతుంది. కాసేపటికి బాగవుతుంది. రోజూ తగిలితే చర్మం పగులుతుంది. ఎర్రగా అవుతుంది. దురద, మంట పుడతాయి. గోళ్లు పెళుసుబారి విరుగుతాయి.

మొటిమలు పోతాయని కొందరు ఆడపిల్లలు, మగపిల్లలు రిమూవర్‌ను మొహానికి పూస్తారు. ఇది మంచిది కాదు. చర్మ వైద్యులు కొన్ని చికిత్సల ముందు చర్మం మీది జిడ్డు తీయడానికి అసిటోన్ వాడతారు. అది డాక్టరు చేతిలో, లెక్క ప్రకారం జరిగే పని. ఇంట్లో చేసే పని కాదు. మొహం చర్మం పలుచన. కళ్లు పక్కనే ఉంటాయి. మొటిమలకి సబ్బు, నీళ్లు చాలకపోతే ఆసుపత్రికి పోవాలి. గోళ్ల సీసా దగ్గరికి పోకూడదు.

రంగు తీసుకున్న తర్వాత వేళ్లను సబ్బుతో కడగండి. కాస్త కొబ్బరినూనె రాయండి. పోయిన నూనె పొరకి అది కొంత బదులు. గోటి చుట్టూ పుండు ఉంటే మాత్రం అది మానేదాకా రిమూవర్ ముట్టుకోవద్దు.

బోట్ల షెడ్డులో అసిటోన్

గోళ్ల సీసాలో ఉండేది గుక్కెడు. బోటు షెడ్డులో ఉండేది క్యాన్లకి క్యాన్లు.

నెల్లూరు తీరాన ఒకప్పుడు కొయ్య తెప్పలు, కొయ్య పడవలు ఉండేవి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఎన్నో పడవలు, వలలు పోయాయి. ఆ తర్వాత తీరం పొడుగునా ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. బోటుకి చిల్లి పడితే మ్యాట్ పరిచి, రెజిన్ పూసి అతుకు వేస్తారు. రెజిన్ జిగురుగా ఉంటుంది. చేతులకి, బ్రష్షులకి పట్టుకుంటుంది. దాన్ని వదిలించడానికి అసిటోన్ వాడతారు.

చాలామంది సాయంత్రం పని అయ్యాక చేతులు అసిటోన్‌లో ముంచి కడుగుతారు. తేలికగా పోతుంది. కానీ నూనె పొర కూడా దాంతో పోతుంది. పైగా కరిగిన రెజిన్ చేతి నిండా పరుచుకుంటుంది. మర్నాడు ఆ పగిలిన చేతులతోనే ఉప్పునీళ్లలో వల లాగాలి. ఆ మంట పడ్డవాళ్లకే తెలుసు.

ఇలా చేస్తే మేలు:

1. రెజిన్ గట్టిపడక ముందే పాత గుడ్డతో తుడవాలి.

2. తర్వాత నూనె రాసి రుద్ది, సబ్బుతో కడగాలి.

3. అసిటోన్ బ్రష్షులకి వాడాలి. చేతులకి వాడకూడదు.

4. చేతులకి తొడుగులు వేసుకోవాలి. ఆసుపత్రిలో వాడే పలుచటి తొడుగులు అసిటోన్‌కి ఆగవు. నీలం రంగు నైట్రైల్ తొడుగులు కూడా ఎక్కువసేపు ఆగవు. బ్యూటైల్ రబ్బరు తొడుగులు బాగా ఆగుతాయి.

మరి పీల్చే గాలి సంగతి? అసిటోన్ ఆవిరి ఎక్కువైతే కళ్లు, ముక్కు, గొంతు మండుతాయి. తల నొప్పి వస్తుంది. తల తిరుగుతుంది. ఇంకా ఎక్కువైతే మత్తు కమ్మి పడిపోతారు. అమెరికాలో చట్టం ఒక హద్దు పెట్టింది. రోజుకి 8 గంటల పనిలో, 10 లక్షల పాళ్ల గాలికి 1000 పాళ్లకి మించి అసిటోన్ ఉండకూడదు. ఆ దేశంలోనే కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే సంస్థ ఇంకా తగ్గించి, 250 పాళ్లు చాలు అంటుంది.

షెడ్డులో కొలిచే మిషను ఉండదు. మన ముక్కు, మన కళ్లే కొలత. కళ్లు మండాయా? తల తిరిగిందా? వెంటనే బయటికి రావాలి. అయితే ముక్కునే పూర్తిగా నమ్మకూడదు. కాసేపు ఉంటే ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. వాసన రావడం లేదంటే ఆవిరి లేదని కాదు.

ఇంకో మాట. షెడ్డులో వచ్చే ఘాటు అంతా అసిటోన్‌ది కాదు. రెజిన్‌లో స్టైరీన్ అనే ఇంకో మందు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను "బహుశా క్యాన్సర్ తెచ్చేది" అనే జాబితాలో చేర్చింది. కాబట్టి నాలుగు వైపులా గాలి ఆడే చోటనే రెజిన్ పని చేయాలి. గర్భిణులు, చంటిపిల్లలు అక్కడ ఉండకూడదు.

బోటు అడుగున, చేపలు వేసే అరలో పని చేసేటప్పుడు మరీ జాగ్రత్త. అసిటోన్ ఆవిరి గాలి కన్నా రెండింతలు బరువు. అది పైకి పోదు. నీళ్లలా కిందికి దిగి, గుంటలో నిలుస్తుంది. లోపల మనిషి పని చేస్తుంటే పైన ఇంకో మనిషి కాపలా ఉండాలి.

దీపం వేళ జరిగిన మాటలు

ఒక పాలెంలో పెళ్లి పెట్టుకున్నారు. రేపు తెల్లవారితే పెళ్లికూతుర్ని చేస్తారు. పొద్దు గూకింది. కరెంటు పోయింది. పెళ్లికూతురు చాప మీద కూర్చుని పాత రంగు తీస్తోంది. సీసా మూత తెరిచే ఉంది. తడి దూదులు చాప మీద పడున్నాయి. చెల్లెలు పక్కన కూర్చుంది. జేజి దీపం తెచ్చింది. అగ్గిపెట్టె తీసింది. అంతలో ఆశా అక్క గడప ఎక్కింది.

"జేజీ, ఆగు! అగ్గిపుల్ల గీయబాక!"

"ఏందమ్మే, అట్టా అరస్తావు? పొద్దు గూకినాక దీపం పెట్టొద్దా?"

"పెడుదువులే జేజీ. ముందు ఆ సీసా మూత పెట్టనియ్యి. నీకు ఘాటు తగల్లా?"

"తగిలింది. ముక్కులు మండతా ఉండాయి. ఆ పిల్ల ఏందో పూసుకుంటా ఉండాది."

పెళ్లికూతురు నవ్వింది. "రెండు చుక్కలే కదక్కా. దీపం అంత దూరంలో ఉండాది. యాడ అంటుకుంటుంది?"

"మంట నీ దగ్గరికి రాదమ్మా. నీ సీసాలో ఆవిరే మంట దగ్గరికి పోతుంది. చాప మీద పాక్కుంటా పోతుంది. కంటికి కనపడదు. దీపం తగిలిందంటే మంట వెనక్కి వచ్చి నీ చీర పట్టుకుంటుంది."

జేజి అగ్గిపెట్టె కొంగున ముడేసింది. "కిరసనాయిలు మాదిరా?"

"కిరసనాయిలు కన్నా తొందరగా అంటుకుంటుంది జేజీ. పెట్రోలు మాదిరి అనుకో."

సీసాకి మూత పెట్టారు. దూదులు తీసి బయట పారేశారు. తలుపు, కిటికీ తెరిచారు. సముద్రపు గాలి ఇంట్లోకి వచ్చింది. ఘాటు పోయింది. అప్పటిదాకా అందరూ అరుగు మీద కూర్చున్నారు. ఆ తర్వాత జేజి దీపం పెట్టింది.

"మిగతా రంగు రేపు పొద్దున అరుగు మీద కూర్చుని తీసుకో. మొహూర్తానికి ఏమీ ఆలస్యం కాదులే" అంది ఆశా అక్క.

నిప్పు సంగతి

ఆశా అక్క చెప్పింది అక్షరాలా నిజం. మంచు గడ్డ కట్టే చలిలో కూడా అసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. సున్నాకి సుమారు 20 డిగ్రీల దిగువన కూడా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మరి నెల్లూరు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి ఎంత ఆవిరి లేస్తుందో ఊహించుకోండి. 100 పాళ్ల గాలిలో రెండున్నర పాళ్ల ఆవిరి కలిస్తే చాలు, అది మండడానికి సిద్ధం.

కాబట్టి ఈ పనులు చేయవద్దు:

గ్యాసు పొయ్యి, దీపం, అగరొత్తి, దోమల చుట్ట దగ్గర రిమూవర్ తెరవద్దు.

షెడ్డులో బీడీ, సిగరెట్టు కాల్చవద్దు. వెల్డింగు పని దగ్గర అసిటోన్ ఉంచవద్దు.

అసిటోన్‌ను రెజిన్ గట్టిపరిచే క్యాటలిస్ట్‌తో ఎన్నడూ కలపవద్దు. రెండూ ఒకే డబ్బాలో పోయవద్దు. పేలే ప్రమాదం ఉంది.

రెజిన్, అసిటోన్ తుడిచిన గుడ్డలు కుప్ప పోయవద్దు. రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో, ఇంటికి దూరంగా వేయాలి.

"అసిటోన్ లేదు" అని రాసిన రిమూవర్లు కూడా దొరుకుతాయి. అవి చర్మాన్ని కాస్త తక్కువ ఎండబెడతాయి. కానీ వాటిలోనూ చాలావరకు మండే మందే ఉంటుంది. నిప్పు దగ్గర రెండూ ఒకటే.

కొద్దిపాటి మంట లేస్తే ఇసక చల్లాలి. తడి గోనె కప్పాలి. బట్టలకి అంటుకుంటే పరిగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. సిరా, పేస్టు, కోడిగుడ్డు సొన పూయకూడదు. 108కి ఫోను చేయాలి.

పిల్లకాయలు జాగ్రత్త

అసిటోన్ చూడటానికి మంచినీళ్లలా ఉంటుంది. షెడ్డు నుంచి కొందరు దాన్ని కూల్‌డ్రింకు సీసాలో, నీళ్ల సీసాలో ఇంటికి తెస్తారు. దప్పికతో వచ్చిన పిల్లవాడికి ఏం తెలుసు? ఎత్తి తాగేస్తాడు. అందుకని తాగే సీసాలో అసిటోన్ పోయనే పోయకూడదు. అది వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. పిల్లలకి అందని చోట, తాళం వేసి పెట్టాలి.

పొరపాటున తాగితే ఏం చేయాలి?

వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు తాగించకూడదు. గొంతులో వేళ్లు పెట్టకూడదు. వాంతి అయితే ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోరు కడిగించాలి. సీసా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. సీసా చూస్తే డాక్టరుకి ఏ మందో తెలుస్తుంది.

కంట్లో పడితే కన్ను తెరిచి పట్టుకుని 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. నలపకూడదు. తర్వాత డాక్టరుకి చూపించాలి.

ఆవిరి పీల్చి ఎవరైనా పడిపోతే ముందు గాలి ఆడేలా చేయాలి. తర్వాత బయటికి తేవాలి. బోటు అరలోకి ఒక్కరే దూకకూడదు. దూకినవాడు కూడా పడిపోతాడు.

ఊపిరిలో ఆ వాసన వస్తే

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

షుగరు జబ్బు ఉన్నవాళ్లకి ఒక్కోసారి జబ్బు అదుపు తప్పుతుంది. ఇన్సులిన్ మానేసినా, జ్వరం వచ్చినా అలా జరగవచ్చు. రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది. కానీ ఒళ్లు దాన్ని వాడుకోలేదు. కొవ్వును విపరీతంగా కరిగిస్తుంది. అప్పుడు ఊపిరిలో అసిటోన్ వాసన వస్తుంది. మాగిన పండు వాసనలా ఉంటుంది. గోళ్ల రిమూవర్ వాసనలా కూడా ఉంటుంది.

దాంతో పాటు దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపు నొప్పి ఉంటాయి. ఊపిరి గట్టిగా, లోతుగా తీస్తారు. మాట తడబడుతుంది. మత్తుగా ఉంటారు. చూసినవాళ్లు "తాగి పడిపోయాడులే" అని వదిలేస్తారు. అక్కడే ప్రాణం పోతుంది. అలాంటి మనిషిని పడుకోనివ్వకండి. "నిద్రపోతే తగ్గుతుందిలే" అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. సమయానికి సెలైన్, ఇన్సులిన్ పడితే మనిషి బతుకుతాడు.

గుర్తు పెట్టుకోండి

అప్పుడప్పుడు, కొద్దిగా, గాలి ఆడే చోట - భయం లేదు.

రోజూ, ఎక్కువగా, మూసిన గదిలో - మంచిది కాదు.

మొహానికి, పుండుకి - వద్దు.

నిప్పు దగ్గర - ఎన్నడూ వద్దు.

తాగే సీసాలో - ఎన్నడూ వద్దు.

కొత్త మాటలు

ఆవిరి - ద్రవం గాలిలో కలిసిపోయే రూపం.

రెజిన్ - ఫైబర్ బోటుకి పూసే జిగురు మందు.

క్యాటలిస్ట్ - రెజిన్‌ను గట్టిపరిచే మందు.

ఇన్సులిన్ - ఒళ్లు చక్కెరను వాడుకోవడానికి సాయపడేది. షుగరు జబ్బు ఉన్న కొందరికి సూదితో ఇస్తారు.

చదివారు కదా, మాట్లాడుకోండి

1. రిమూవర్ వేలికి ఎందుకు చల్లగా తగులుతుంది?

2. దీపం దూరంగా ఉన్నా ప్రమాదం ఎందుకు?

3. మీ ఊళ్లో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లు చేతులు దేనితో కడుగుతారు? వాళ్ల చేతులు ఎలా ఉన్నాయి? అడిగి తెలుసుకోండి.

4. బోటు షెడ్డులో తొడుగులు ఎవరు కొనివ్వాలి? పనివాళ్లా, యజమానా? మీ సంఘంలో చర్చించండి.

5. మీ ఇంట్లో రిమూవర్, రంగు, థిన్నర్, పైపుల జిగురు డబ్బాలు ఉన్నాయా? వాటి మీద మంట బొమ్మ ఉందేమో చూడండి. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లల చేత చదివించండి. మూతలు బిగించి ఉన్నాయా? పొయ్యికి ఎంత దూరంలో ఉన్నాయి? ఈ రోజే చూసి, తీసి వేరే చోట పెట్టండి.